పొగతాగేవారి ఊపిరితిత్తులకు నొప్పి మాత్ర రక్షణ ఇస్తుందా?

కీళ్లనొప్పులకు వైద్యులు రాసే ఒక సాధారణమైన మాత్ర, పొగతాగేవారిని ఊపిరితిత్తుల కేన్సర్ బారి నుంచి కాపాడగలదా? అమెరికా వైద్య పరిశోధకులను రెండు దశాబ్దాలకు పైగా వెంటాడిన ప్రశ్న ఇది. సెలికాక్సిబ్ అనే ఆ మందును సిగరెట్లు కాల్చేవారికి, కాల్చి మానినవారికి ఇచ్చి చూసిన ప్రయోగాలలో ఆశ కలిగించే ఫలితాలు వెలువడ్డాయి. కాగా, అదే మందును అదే మోతాదులో మరో వ్యాధి నివారణకు పరీక్షించినప్పుడు గుండెకు ముప్పు పెరుగుతున్నదని తేలింది. ఒక చేత్తో ఇచ్చిన దానిని మరో చేత్తో తీసుకున్నట్లయిన ఈ ఉదంతం, ఆరోగ్యవంతునికి మందు ఇచ్చే ముందు ఎంతటి జాగ్రత్త అవసరమో తెలియజేస్తున్నది.

ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఏర్పడడానికి కారణం లేకపోలేదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 లక్షల మందికి కొత్తగా ఊపిరితిత్తుల కేన్సర్ సోకగా, 18 లక్షల మంది ఆ వ్యాధితో మరణించారని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా వేసింది. మరే ఇతర కేన్సర్ ఇంతమందిని పొట్టన పెట్టుకోవడం లేదు. భారతదేశంలో అదే ఏడాది కొత్త రోగుల సంఖ్య 80 వేలు దాటింది. మన దేశంలో చాలామంది రోగులు వ్యాధి ముదిరిన తరువాత గానీ ఆస్పత్రికి రావడం లేదు. దగ్గు, ఆయాసం, కళ్లెలో రక్తం వంటి లక్షణాలు క్షయ వ్యాధిలోనూ కనిపిస్తాయి కనుక, క్షయకు మందులు వాడుతూ విలువైన నెలలను కోల్పోయేవారూ ఉన్నారు. పొగ అలవాటు లేనివారికీ ఈ వ్యాధి వస్తున్న మాట నిజమే అయినా, ప్రధాన కారణం మాత్రం పొగాకే.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. సిగరెట్టు మానివేస్తే ముప్పు ఏటేటా తగ్గుతుందే తప్ప, ఒక్కసారిగా తొలగిపోదు. ముప్ఫై ఏళ్లు కాల్చి మానివేసిన మనిషి, ఎన్నడూ కాల్చని మనిషితో సమానం కావడం లేదు. పొగ సోకిన కణాలలో జరిగిన మార్పులు చాలాకాలం నిలిచి ఉండడమే అందుకు కారణం. వైద్యుని మాట విని అలవాటు వదులుకున్న వ్యక్తి, 'ఇక నేను చేయగలిగినది ఏమున్నది?' అని అడిగితే వైద్యుని వద్ద సరైన జవాబు లేదు. మాత్ర కోసం సాగిన అన్వేషణ ప్రధానంగా ఇటువంటివారి కోసమే.

ఆస్పిరిన్ నుంచి సెలికాక్సిబ్ దాకా

కేన్సర్ రాకముందే మందుతో దానిని అడ్డుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1976లో మైకేల్ స్పోర్న్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ విధానానికి రసాయన నివారణ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. నొప్పి మాత్రలపై దృష్టి పడడానికి మరో దారి తోడ్పడింది. ఆస్పిరిన్ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల ఉత్పత్తిని అడ్డుకోవడం ద్వారా పనిచేస్తుందని బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ వేన్ 1971లో నిరూపించారు. ప్రోస్టాగ్లాండిన్లపై పరిశోధనలకు గాను 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. అటు తరువాత 1991లో అమెరికన్ కేన్సర్ సొసైటీ ఆరున్నర లక్షల మందికి పైగా ప్రజల వివరాలను పరిశీలించి, ఆస్పిరిన్ తరచుగా వాడేవారిలో పెద్దపేగు కేన్సర్ మరణాలు సుమారు 40 శాతం తక్కువగా ఉన్నాయని వెల్లడించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రోస్టాగ్లాండిన్లను తయారు చేసే ఎంజైము ఒకటి కాదు, రెండు రకాలని బయటపడింది. మొదటిది, అంటే కాక్స్-1, జీర్ణాశయం లోపొరను కాపాడుతూ నిత్యం పనిచేస్తూ ఉంటుంది. రెండవదైన కాక్స్-2 వాపు, మంట కలిగిన చోట విజృంభిస్తుంది. ఆస్పిరిన్ రెండింటినీ అణచివేస్తుంది కనుకనే కడుపులో పుండ్లు, రక్తస్రావం కలుగుతున్నాయని, రెండవదానిని మాత్రమే అణచివేస్తే కడుపుకు హాని లేకుండా నొప్పి తగ్గించవచ్చునని ఔషధ సంస్థలు భావించాయి. ఆ ఆలోచన ఫలితమే సెలికాక్సిబ్, రోఫికాక్సిబ్ మందులు. సెలికాక్సిబ్‌కు 1998 డిసెంబరు ఆఖరున, రోఫికాక్సిబ్‌కు 1999 మే నెలలో అమెరికాలో అనుమతి లభించింది.

ఊపిరితిత్తుల కేన్సర్ కణాలలోనూ కాక్స్-2 అధికంగా ఉంటున్నదని అప్పటికే గుర్తించారు. ఈ ఎంజైము వల్ల పుట్టే ప్రోస్టాగ్లాండిన్ కణాల విభజనను ప్రోత్సహిస్తుంది, కణితికి రక్తనాళాలు ఏర్పడడానికి సాయపడుతుంది, శరీర రక్షణ వ్యవస్థను మందగింపజేస్తుంది. పొగ వల్ల ఊపిరితిత్తులలో నిరంతరం రగిలే వాపును చల్లార్చితే కేన్సర్ పుట్టుక కూడా ఆగుతుందేమోనన్న ఊహకు ఇదే ప్రాతిపదిక.

ప్రయోగశాలలో తేలినదేమిటి?

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జెన్నీ మావో బృందం తొలుత ఇరవై మంది పొగరాయుళ్లకు ఆరు నెలల పాటు సెలికాక్సిబ్ ఇచ్చింది. మాత్రలు ప్రారంభించే ముందు ఒకసారి, ఆరు నెలల తరువాత మరోసారి గొట్టం ద్వారా శ్వాసనాళంలోని కణజాలాన్ని సేకరించి పరీక్షించారు. విభజన దశలో ఉన్న కణాలను పట్టి ఇచ్చే కీ-67 అనే ప్రోటీను దాదాపు 35 శాతం తగ్గినట్లు 2006లో ప్రకటించారు.

అనంతరం ఇదే బృందం మరింత పకడ్బందీ ప్రయోగం నిర్వహించింది. 45 ఏళ్లు దాటి, రోజుకు ఒక పెట్టె చొప్పున ముప్ఫై ఏళ్లు కాల్చినదానికి సమానంగా పొగ తాగి, కనీసం ఏడాది క్రితం మానివేసినవారిని ఎంపిక చేశారు. కొందరికి సెలికాక్సిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఇచ్చారు. మిగిలినవారికి అచ్చు అదే రూపంలో ఉండే మందులేని మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది మింగుతున్నారో ఇటు రోగికి గానీ అటు వైద్యునికి గానీ తెలియదు. ఆరు నెలల చికిత్స పూర్తి చేసిన 101 మంది ఫలితాలను 2011లో వెల్లడించారు. మందు తీసుకున్నవారిలో కీ-67 ప్రమాణం 34 శాతం తగ్గగా, మందులేని మాత్ర మింగినవారిలో సుమారు 4 శాతం పెరిగింది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ కేంద్రం పొగ తాగుతున్నవారు, మానినవారు కలిసి రెండు వందల మందికి పైగా వ్యక్తులపై జరిపిన మరో ప్రయోగంలోనూ అధిక మోతాదు మందు కణ విభజనను తగ్గించినట్లు 2010లో తేలింది.

అంకెలు ఆకర్షణీయంగానే ఉన్నాయి. అయితే ఈ ప్రయోగాలు ఏ ఒక్కరికీ కేన్సర్ రాకుండా ఆపినట్లు నిరూపించలేదన్న సంగతి గమనార్హం. అవి కొలిచినది కణాల విభజన వేగాన్ని. వేగం తగ్గితే కేన్సర్ తగ్గవచ్చునన్నది ఒక అనుమానం మాత్రమే. అది నిజమో కాదో తేలాలంటే వేలాది మందికి ఏళ్ల తరబడి మందు ఇచ్చి, ఎందరికి కేన్సర్ వచ్చింది, ఎందరు మరణించారు అని లెక్కించవలసిందే. ఆ మెట్టు ఎక్కకముందే గుండె సమస్య అడ్డు తగిలింది.

2004లో తగిలిన దెబ్బ

పెద్దపేగులో ఏర్పడే పిలకలు కొన్ని కాలక్రమేణా కేన్సర్‌గా మారతాయి. వాటిని ఒకసారి తొలగించుకున్నవారిలో అవి మళ్లీ రాకుండా ఈ మందులు ఆపగలవా అని రెండు వేర్వేరు ప్రయోగాలు జరుగుతుండేవి. రోఫికాక్సిబ్ ప్రయోగంలో పాల్గొన్న 2,586 మందిలో, మందు తీసుకున్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు దాదాపు రెట్టింపయ్యాయి. ఫలితంగా మెర్క్ సంస్థ 2004 సెప్టెంబరు 30న వయాక్స్ పేరుతో అమ్ముతున్న ఈ మందును ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి ఉపసంహరించుకున్నది.

మరో రెండున్నర నెలలకు సెలికాక్సిబ్ వంతు వచ్చింది. 2,035 మందిపై జరుగుతున్న ప్రయోగంలో మాత్రలు ఇవ్వడాన్ని 2004 డిసెంబరు 17న నిలిపివేశారు. మందులేని మాత్ర తీసుకున్నవారిలో గుండె, రక్తనాళ సంబంధమైన మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం, గుండె వైఫల్యం కలిపి 1 శాతం మందికి సంభవించాయి. రోజుకు రెండుసార్లు 200 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో ఇది 2.3 శాతంగా, 400 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 3.4 శాతంగా నమోదైంది. ఇదిలా ఉండగా, అదే ప్రయోగంలో పేగు పిలకలు తిరిగి రావడం మాత్రం గణనీయంగా తగ్గింది. అంటే మందు తన పని తాను చేసింది. హాని కూడా చేసింది.

ఊపిరితిత్తుల ప్రయోగంలో వాడినది సరిగ్గా ఈ 400 మిల్లీగ్రాముల మోతాదే. పైపెచ్చు అక్కడ మందు తీసుకునేవారు ఏళ్ల తరబడి పొగ తాగినవారు. పొగ ఊపిరితిత్తులనే కాదు, గుండె రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. ఏ మనిషికి ఈ మాత్ర వల్ల మేలు ఎక్కువ జరుగుతుందని ఆశించారో, గుండెకు ముప్పు పొంచి ఉన్నదీ ఆ మనిషికే.

లెక్క వేసి చూస్తే

ఈ విషయాన్ని స్థూలంగా లెక్క కట్టవచ్చు. అమెరికాలో 53 వేల మందికి పైగా పొగతాగేవారు, మానినవారిపై జరిగిన స్కానింగ్ అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. వారూ ముప్ఫై ఏళ్ల పాటు రోజుకు ఒక పెట్టె చొప్పున కాల్చినవారితో సమానులే. వారిలో లక్ష మందికి ఏడాదికి సుమారు 600 మంది చొప్పున ఊపిరితిత్తుల కేన్సర్ కనిపించింది. ఆ ప్రకారం వెయ్యి మందిని మూడేళ్లు గమనిస్తే 18 మందికి వ్యాధి రావచ్చు. మాత్ర అద్భుతంగా పనిచేసి అందులో సగం ఆపిందనే అనుకుందాం. తొమ్మిది మంది బయటపడతారు. పేగు పిలకల ప్రయోగంలో సుమారు మూడేళ్ల వ్యవధిలో అధిక మోతాదు వల్ల అదనంగా కలిగిన గుండె ప్రమాదాలు వెయ్యికి 24. రెండు ప్రయోగాలలోని మనుషులు వేరు, గుండె ప్రమాదాలన్నీ మరణానికి దారితీసేవి కావు కనుక ఈ పోలిక ఉజ్జాయింపు మాత్రమే. అయినప్పటికీ త్రాసు ఎటు మొగ్గుతున్నదో గ్రహించడానికి ఇది చాలు.

కేన్సర్ సోకిన రోగికి మందు ఇచ్చేటప్పుడు వైద్యుడు కొంత హానిని అంగీకరిస్తాడు. వ్యాధి అంతకన్నా ప్రమాదకరమైనది కాబట్టి ఆ బేరం సబబే. కానీ నివారణ మాత్ర మింగే వెయ్యి మందిలో అధిక సంఖ్యాకులకు మాత్ర ఉన్నా లేకున్నా ఆ వ్యాధి రాదు. వారికి మేలు లేకపోగా హాని మాత్రం అందరితో సమానంగా పంచబడుతుంది. అందువల్లనే చికిత్స మందు కన్నా నివారణ మందుకు మరింత కఠినమైన పరీక్ష పెట్టవలసి ఉంటుంది.

సెలికాక్సిబ్ మార్కెట్‌లో కొనసాగుతూనే ఉన్నదన్న విషయం ఇక్కడ చెప్పుకోవాలి. 24 వేల మందికి పైగా కీళ్లవ్యాధి రోగులపై జరిగిన విస్తృత అధ్యయనంలో, మితమైన మోతాదులో అది ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ మాత్రల కన్నా గుండెకు ఎక్కువ హానికరం కాదని 2016లో తేలింది. నొప్పితో బాధపడే రోగికి వైద్యుడు తగిన మోతాదులో ఇవ్వడం వేరు. నొప్పి లేని మనిషి కేన్సర్ భయంతో దానికి రెట్టింపు, అంతకు మించిన మోతాదును ఏళ్ల తరబడి మింగడం వేరు.

విటమిన్ నేర్పిన పాఠం

మంచిదనుకున్నది బెడిసికొట్టడం ఇదే మొదటిసారి కాదు. క్యారెట్లు, ఆకుకూరలలో లభించే బీటా కెరోటిన్ ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల కేన్సర్ తక్కువగా వస్తున్నదన్న పరిశీలనల ఆధారంగా, ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై ప్రయోగం జరిగింది. 1994లో ఫలితాలు వెలువడగా, బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో కేన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో పొగతాగేవారు, మానినవారు, రాతినార కార్మికులు కలిసి 18,314 మందిపై బీటా కెరోటిన్, విటమిన్ ఏ కలిపి పరీక్షించిన మరో ప్రయోగంలో కేన్సర్లు 28 శాతం, మరణాలు 17 శాతం పెరగడంతో 1996 జనవరిలో గడువుకు ముందే దానిని ఆపివేశారు. ఆహారంలో మేలు చేసినట్లు కనిపించిన పదార్థం, పొగ నిండిన ఊపిరితిత్తులలో మాత్ర రూపంలో కీడు చేసింది.

అందరికీ తెలిసిన ఆస్పిరిన్ సంగతీ ఇంతే సూటిగా లేదు. గుండె జబ్బుల కోసం నిర్వహించిన పాత ప్రయోగాలను తిరగేసి, ఐదేళ్లకు పైగా రోజూ ఆస్పిరిన్ వాడినవారిలో కొన్ని రకాల కేన్సర్ మరణాలు తగ్గాయని ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ రోత్‌వెల్ బృందం 2011లో ప్రకటించింది. కానీ ఆస్ట్రేలియా, అమెరికాలలో 19 వేల మందికి పైగా ఆరోగ్యవంతులైన వృద్ధులపై జరిగిన ప్రయోగంలో, ఆస్పిరిన్ తీసుకున్నవారిలో తీవ్ర రక్తస్రావాలతో పాటు కేన్సర్ మరణాలు కూడా కొంత ఎక్కువగా కనిపించాయని 2018లో వెల్లడైంది. ఊపిరితిత్తుల కేన్సర్ నివారణకు ఈనాటికీ ఏ మాత్రకూ అనుమతి లేదు.

మనకు సంబంధించినంతవరకు

ఈ చర్చ అమెరికాకే పరిమితమైనదని భావించడానికి వీలులేదు. 2005కు ముందు మన దేశంలో మందులకు ఉత్పత్తి పేటెంట్లు లేనందున సెలికాక్సిబ్, రోఫికాక్సిబ్ మాత్రలను దేశీయ సంస్థలు అనేక పేర్లతో చౌకగా విక్రయించాయి. వయాక్స్ ఉపసంహరణ అనంతరం కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో రోఫికాక్సిబ్‌ను నిషేధించింది. సెలికాక్సిబ్‌కు వైద్యుని చీటీ తప్పనిసరి అయినా, మందుల దుకాణంలో నొప్పి మాత్ర చీటీ లేకుండానే చేతికి అందడం మనకు కొత్త కాదు. 'కేన్సర్ రాకుండా కాపాడే మాత్ర' అన్న వార్త సగం మాత్రమే చదివిన పాఠకునికి ఇది ప్రమాదకరమైన సౌలభ్యం.

ఈ విషయంలో తెలుగు ప్రాంతానికి తనదైన అనుభవం ఉన్నది. ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో, ముఖ్యంగా స్త్రీలలో, చుట్టను నిప్పు ఉన్న కొనను నోటిలో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండడం విదితమే. దీనివల్ల అంగిలి కందిపోయి, మచ్చలు ఏర్పడి, కొందరిలో కేన్సర్‌గా మారుతుంది. అడ్డపొగ తాగేవారికి విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఏడాది పాటు ఇచ్చి చూసిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, అంగిలిపై మచ్చలు తగ్గుముఖం పట్టినట్లు 1990 దశకంలో వెల్లడించింది. నోటి కేన్సర్ వేరు, ఊపిరితిత్తుల కేన్సర్ వేరు. అయినా రెండు చోట్లా ఎదురైన ప్రశ్న ఒకటే: మచ్చ తగ్గినంత మాత్రాన, కణం నెమ్మదించినంత మాత్రాన, మనిషికి కేన్సర్ తప్పినట్లేనా?

అంతకు ముందే, 1970 దశకం చివర, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ దంతవైద్య పరిశోధకులు మరో మార్గాన్ని పరీక్షించారు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల గ్రామాలలో 36 వేల మంది పొగాకు వాడకందారులను ఎంపిక చేసి, మాత్రలు కాకుండా మాటలు ఇచ్చారు. ఇంటికి వెళ్లి నోరు పరీక్షించి, నచ్చజెప్పి, చలనచిత్రాలు, పోస్టర్లు చూపి అలవాటు మానమని కోరారు. ఇలా చెప్పించుకున్నవారిలో ఎక్కువమంది పొగాకు మానడమో, తగ్గించడమో చేశారని, కేన్సర్‌కు దారితీసే తెల్లమచ్చలూ తగ్గాయని 1986లో ప్రకటించారు. దీనికి దుష్ఫలితాలు లేవు, గుండెకు ముప్పు లేదు.

మానడం వల్ల కలిగే లాభం ఎంతో కూడా స్పష్టంగా తెలుసు. 1951 నుంచి 34 వేల మందికి పైగా బ్రిటిష్ వైద్యులను యాభై ఏళ్ల పాటు గమనించిన రిచర్డ్ డాల్ బృందం 2004లో వెల్లడించిన ప్రకారం, అరవయ్యవ ఏట సిగరెట్టు మానినవారికి సుమారు మూడేళ్లు, యాభైలో మానినవారికి ఆరేళ్లు, నలభైలో మానినవారికి తొమ్మిదేళ్లు, ముప్ఫైలో మానినవారికి పదేళ్ల ఆయుష్షు కలిసివస్తుంది. ఇప్పటిదాకా పరీక్షించిన ఏ మాత్రా ఇందులో నాలుగో వంతు మేలు కూడా చూపలేదు.

2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో 26 కోట్లకు పైగా వయోజనులు ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వారిలో పొగతాగేవారు సుమారు పది కోట్లు. సిగరెట్ల కన్నా బీడీలు కాల్చేవారే ఎక్కువ. పొగతాగేవారిలో సగానికి పైగా మానాలన్న ఆలోచనలో ఉన్నట్లు అదే సర్వే తెలిపింది. ఆలోచన ఉన్నా అలవాటు ఒక పట్టాన వదలదు. 2003లో పార్లమెంటు పొగాకు నియంత్రణ చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం అమలులోకి వచ్చింది. 2016 ఏప్రిల్ నుంచి పెట్టెపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మలు ముద్రిస్తున్నారు. మానదలచినవారికి 1800-11-2356 నంబరుపై ఉచిత సలహా సౌకర్యమూ ఉన్నది. కానీ ఇంటికి వచ్చి నోరు చూసి నచ్చజెప్పే మనిషి మాత్రం శ్రీకాకుళం ప్రయోగం తరువాత ఎన్ని గ్రామాలకు వెళ్లాడన్నది ఆలోచించదగిన ప్రశ్న.

మాత్రల కోసం సాగే అన్వేషణను తక్కువ చేయనవసరం లేదు. ఏళ్ల క్రితమే పొగ మానివేసి కూడా భయంతో బతుకుతున్నవారికి ఏదో ఒకటి చేయవలసిన బాధ్యత వైద్యశాస్త్రంపై ఉన్నది. తక్కువ మోతాదు రేడియేషన్‌తో స్కానింగ్ చేసి వ్యాధిని తొలిదశలోనే పట్టుకోవడం వల్ల ఊపిరితిత్తుల కేన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని 2011 నాటి అమెరికా అధ్యయనం నిరూపించింది కూడా. అయితే ఖరీదైన ఆ సౌకర్యం బీడీ కార్మికునికి, వ్యవసాయ కూలీకి అందుబాటులోకి రావడానికి చాలాకాలం పట్టవచ్చు. అంతవరకు పొగతాగేవారు నొప్పి మాత్రపై ఆశ పెట్టుకుని మరో సిగరెట్టు వెలిగించడం ఏ ప్రయోగమూ సమర్థించని పని. వైద్యుని సలహా లేకుండా ఆ మాత్రను మింగడం, ఒక ప్రమాదాన్ని తప్పించుకోవడానికి మరొక ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే అవుతుంది.